ఒంటితుమ్ము తల్లి వెలసిన గుట్ట

మాయలపాడు బస్టాండుకు ఉత్తరంగా రెండు కిలోమీటర్లు నడిస్తే నల్లరాతి గుట్ట ఒకటి కనిపిస్తుంది. నూట పన్నెండు మెట్లెక్కిన భక్తులకు, పైకప్పు లేని చిన్న గర్భగుడిలో మూరెడెత్తు అమ్మవారు దర్శనమిస్తారు. కుడిచేయి అభయమిస్తూ ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలు ముక్కు కింద అదిమిపెట్టి ఉంటుంది. ఈ రూపాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. మొదటిసారి వచ్చినవారికి ఆ వేలును చూడగానే నవ్వు వస్తుంది. అర్చకులు వారిని వారించరు. నవ్వితే కోపగించుకునే తల్లి కాదని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ మాయలపాడు రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో బావిలోని చేద తనంతట తానే పైకి వచ్చేది. చాటలు ఎవరూ పట్టుకోకుండానే బియ్యం చెరిగేవి. ఆవులను పేరుపెట్టి పిలిస్తే "వస్తున్నా" అనేవి. అన్నిటికంటే గొప్ప వింత కోటగోడ. మామూలు రోజుల్లో అది నేలలో నిద్రపోయేది. శత్రువులు వచ్చినప్పుడు ఆస్థాన మాంత్రికుడు ఉగ్రభట్టు మంత్రం చదివితే ఏడు తాటిచెట్ల ఎత్తున లేచి నిలబడేది. అందువల్ల చిత్రరాయలవారు సైన్యాన్ని పెంచుకోలేదు. ఉన్న నలభైమంది భటులూ పెళ్లి ఊరేగింపుల్లో దివిటీలు పట్టుకోవడానికి పనికొచ్చేవారు.

ఆ రాజుగారి వంటశాలకు మిరియాలు, శొంఠి దంచిపెట్టే బయ్యమ్మ అనే ఆవిడ ఉండేది. ముప్పై ఏళ్ల దంపుడుకు ఆ ఘాటు ఆమె ముక్కులో కాపురం పెట్టింది. ఎదుట ఎవరైనా పనిమీద బయలుదేరితే చాలు, ఆమెకు తుమ్ము వచ్చేది. అదీ ఒక్కటే. రెండు తుమ్ములు శుభమని, ఒంటితుమ్ము అపశకునమని లోకమంతా నమ్మే కాలమది. ఆమె తుమ్మితే నాగళ్లు వెనక్కి తిరిగేవి, పెళ్లివారు అరుగుల మీద చతికిలబడేవారు. యువరాణి నిశ్చితార్థానికి బయలుదేరిన రాజుగారి పల్లకి వాకిట్లోనే మూడుసార్లు దిగింది. నాలుగోసారి రాజు సహించలేక, ఆమెను ఊరి బయట ఈ గుట్టమీద ఉండమని ఆజ్ఞాపించాడు.

బయ్యమ్మ తన మిరియాల బుట్ట నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కింది. తోటి దంపుడుకత్తె లచ్చక్క మాత్రం రోజూ గంజి ముంత తెచ్చి, ఆమె తాగేదాకా పక్కనే కూర్చుని ఊరి కబుర్లు చెప్పి వెళ్లేది.

ఒకనాడు లచ్చక్క వగరుస్తూ వచ్చింది. ముంతలో గంజి సగమే మిగిలింది.

"పొరుగురాజు రణభేరుండుడి దండు వచ్చి ఏటి అవతల దిగిందే! రేపు పొద్దున దాటుతారట."

"గోడ లేవలేదా?"

"లేచింది, మోకాలెత్తు! మేకలు దాన్ని ఇటూ అటూ దూకి ఆడుకుంటున్నాయి. భట్టుగారు చెరుకు కొరికి ముందుపళ్లు రెండూ పోగొట్టుకున్నారు. మంత్రంలో అక్షరాలు జారిపోతున్నాయి. ఏనుగుదంతంతో కొత్త పళ్లు చెక్కుతున్నారట. మూడు రోజులు పడుతుందట."

"అయితే నువ్వు ఇక్కడే ఉండిపోవే లచ్చీ."

"మంచానపడ్డ మా అత్తను వదిలి ఎట్లా ఉంటాను?" అని లచ్చక్క కళ్లు తుడుచుకుని మెట్టదారిన పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం బయ్యమ్మ రాతి నీడన నడుం వాల్చి కునుకు తీసింది. కలలో పసుపు ముఖపు తల్లి ఒకామె పక్కన కూర్చుని, మిరియాల బుట్టలో చేయిపెట్టి వాసన చూస్తూ కనిపించింది.

"మూడు పొద్దులు, మూడు తుమ్ములు. పొద్దుకు ఒక్కటే సుమా! రెండోది వచ్చిందా, ఊరు పోయినట్టే. ఇలా పట్టు" అంటూ ఆ తల్లి ముక్కు కింద వేలు పెట్టి చూపింది.

బయ్యమ్మకు కోపం వచ్చింది. "నన్ను తరిమేసిన ఊరు కోసమా తల్లీ?"

"ఊరి కోసం చెయ్యమని నేనన్నానా? గంజి తెచ్చేది ఎవరే?" అని నవ్వి ఆమె మాయమైంది.

మరునాడు సూర్యోదయాన రణభేరుండుడు ఏనుగెక్కాడు. కొమ్ములు ఊదారు. రాత్రే ఏరు దాటి వచ్చి ఒడ్డున రెల్లుపొదలో కూర్చున్న బయ్యమ్మ ముక్కు తన పని తాను చేసింది. ఆ తుమ్ముకు రెల్లు అంతా వంగి లేచింది. రణభేరుండుడి ఆస్థాన జ్యోతిష్కుడు తిథిశర్మ రెండు చేతులూ ఎత్తి, "ఆగండి! ఒంటితుమ్ము! ఈ రోజుకు ప్రయాణం లేదు" అన్నాడు. పదివేల మంది సైనికులు కూర్చుని మంచినీళ్లు తాగారు. రెండోనాడూ అదే జరిగింది. ఆ రోజు ఏనుగు కూడా అలవాటుగా తనంతట తానే కూర్చుంది.

మూడోనాడు తుమ్ము వినబడగానే భటులు పొదలన్నీ గాలించి, బయ్యమ్మను బుట్టతో సహా పట్టుకొచ్చి తమ రాజు ముందు నిలబెట్టారు.

"కట్టేయండి దీన్ని!" అని రణభేరుండుడు గర్జించాడు.

"వద్దు ప్రభూ. ప్రయాణవేళ ఆడదాన్ని కట్టడం ఇంకా పెద్ద అపశకునం" అన్నాడు తిథిశర్మ. "మార్గం ఉంది. సూర్యుడు నడినెత్తికి రాకముందు ఇదే ముక్కు రెండోసారి తుమ్మితే దోషం పోతుంది. వెంటనే దాటవచ్చు."

ఆమె బుట్టలోని మిరియాల పొడినే పళ్లెంలో పోసి ఆమె ముఖం దగ్గర పెట్టారు. బయ్యమ్మ చూపుడువేలు ముక్కు కింద అదిమింది. కళ్లు ఎర్రబడ్డాయి. చెవులు జివ్వుమన్నాయి. తుమ్ము ముక్కుదూలం దాకా వచ్చింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. పదివేల మంది ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. "వస్తోంది! వస్తోంది!" అని ముందు వరుసవారు కేకలు వేశారు. రాదు. లచ్చక్క అత్తను వీపున వేసుకుని ఏ దారిన పరుగెత్తగలదు? ఆ ఒక్క ఆలోచననే బయ్యమ్మ గట్టిగా పట్టుకుని నిలబడింది.

విసుగెత్తిన తిథిశర్మ తానే పళ్లెం అందుకుని వంగి ఊదాడు. గాలి ఎదురు తిరిగింది. ఆయన గట్టిగా తుమ్మాడు.

"రెండోది వచ్చింది! పదండి!" అని రాజు లేచాడు.

"కాదు ప్రభూ" అన్నాడు తిథిశర్మ దీనంగా. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "ఇది వేరే ముక్కు. ఇదొక కొత్త ఒంటితుమ్ము."

అంతలో పొడి రాజు ముక్కుకూ చేరింది. తర్వాత సేనానికి, తర్వాత వరుస వరుసకూ. పదివేల మంది తుమ్మసాగారు. ఎవరివి సరిసంఖ్యలో వచ్చాయో, ఎవరివి బేసిగా వచ్చాయో తేలలేదు. "నావి నాలుగు!" "నీవి మూడే, నేను లెక్కపెట్టాను!" అంటూ సేన సేనంతా తగవులాడుకుంది. ఏనుగు ఒక్కసారి తుమ్మింది. రణభేరుండుడు ఏట్లో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే భూమి అదిరింది. ఉగ్రభట్టు కొత్త పళ్లతో మంత్రం స్పష్టంగా చదివాడు. ఏడు తాటిచెట్ల ఎత్తున గోడ ధగధగలాడుతూ లేచి నిలబడింది, దాని అంచున రెండు మేకలు బిత్తరపోయి చూస్తున్నాయి. తడిబట్టలతో గట్టెక్కిన రణభేరుండుడు ఆ గోడను చూశాడు, తన సేనను చూశాడు, వచ్చిన దారిన వెళ్లిపోయాడు.

బయ్యమ్మ ఎలాగో ఏరు దాటి, గుట్ట ఎక్కి వేలు తీసింది. ఉదయం నుంచి బిగబట్టిన తుమ్ము బయటికి వచ్చింది. ఆ ఊపుకు ఎదురుగా ఉన్న బండ పైపొర పెళ్లున రాలిపోయింది. లోపల పసుపు ముఖపు తల్లి, ముక్కు కింద వేలుతో, ఇప్పుడు మనం చూస్తున్నట్లే నిలిచి ఉంది.

సాయంత్రానికి చిత్రరాయలు కాలినడకన వచ్చాడు. వెనుక లచ్చక్క గంజి ముంతతో వచ్చింది. "అమ్మా, తప్పయింది. ఊళ్లోకి రా" అని రాజు చేతులు జోడించాడు.

"వస్తాను గానీ దొరా, నా ముక్కు మారదు" అంది బయ్యమ్మ.

"మారనక్కర్లేదు. ఇకమీదట నువ్వు తుమ్మితే మేమే కాసేపు కూర్చుంటాం" అన్నాడు రాజు. బయ్యమ్మ ముందు లచ్చక్క పక్కన కూర్చుని గంజి తాగింది. ఆ తర్వాతే గుట్ట దిగింది.

నేటికీ ఈ గుడిలో శుక్రవారం ఉదయం మిరియాల పానకం నివేదించి పంచుతారు. కొత్త పని తలపెట్టినవారు, కొత్త లారీ కొన్నవారు, పరీక్షలకు వెళ్లే పిల్లలు ఆ పానకం తాగి, తుమ్ము వస్తే సంతోషంగా బయలుదేరుతారు. రానివారిని అర్చకులు ఇంకో గుక్క తాగమంటారు. హారతి విషయంలో మాత్రం ఇక్కడి ఆచారం కఠినంగా ఉంటుంది. శుభకార్యాల్లో ఎదురు రావద్దని ఎవరినైతే పక్కకు నెట్టారో, వారిని పేరుపేరునా ముందుకు పిలిచి మొదటి హారతి వారికే ఇస్తారు. వారు కళ్లకద్దుకున్నాక, వారి చేతుల మీదుగానే మిగతా భక్తులందరికీ హారతి అందుతుంది. అలా అందుకున్నవారి ఇంట తలపెట్టిన పని ఆగదని, తల్లి చల్లని చూపు ఆ గడపను విడవదని భక్తుల విశ్వాసం.