మొదటి లైనుకు ముందు అర సెకను

తన ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే మద్దిలేటికి ఒళ్ళు మండిపోతుంది. అన్నది ఈశ్వరమ్మ అయ్యేసరికి మరీ మండింది. ఆవిడకున్నవి ఆరు గేదెలు, ఒక గడ్డి కోసే యంత్రం. చిప్ అంటే ఏమిటో తెలియని మనిషి, ఆ యంత్రం మోటారుకు మద్దిలేటి చేసిచ్చిన పెట్టెను సంచిలో వేసుకొచ్చి, ఆదోనిలో అతను పని నేర్చుకున్న ఉస్తాద్ ఖలందర్ రిపేరు షాపు బల్ల మీద పెట్టి, ఇది పనికిమాలిందంటోంది.

ఆ పెట్టె చేయాల్సిన పని ఒక్కటే. కరెంటు పోయి వచ్చినా, పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలకూడదు. ఆ పొద్దున కరెంటు లేనప్పుడు ఈశ్వరమ్మ యంత్రం నోట్లో ఇరుక్కున్న చొప్ప లాగుతోంది. కరెంటొచ్చింది. బటన్ ఎవరూ నొక్కలేదు. అయినా బ్లేడు తిరిగి మధ్యవేలి గోరు లేచిపోయింది.

మద్దిలేటి ఆ వేలు చూడనైనా లేదు. మోచెయ్యి తగిలి బటన్ నొక్కుకుని ఉంటుంది, అది దాచి అబద్ధం చెబుతోందన్నాడు. ఈశ్వరమ్మ ముఖం ఎర్రబడింది. తాను పాలు అమ్ముకునేదే కానీ అబద్ధాలు అమ్ముకునేది కాదంది.

"ఫస్టు లైనే మోటారు ఆపమని రాసినా ఉస్తాద్. ఇంకేం రాయల్ల?"

ఖలందర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కరెంటొచ్చి చిప్ రీసెట్ కాగానే నడిచేది ఆ లైనేనా అని అడిగాడు. డిప్లొమా చదివినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నా ఇది? మద్దిలేటి విసుగ్గా అప్పజెప్పాడు. చిప్ ముందు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చిరునామా చదువుకుంటుంది. కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తారేమోనని కాసేపు చూస్తుంది. మెమరీ సర్దుకుంటుంది. ఆ తర్వాతే తను రాసిన లైను దగ్గరికి వస్తుంది.

"అంతవరకు మోటారు వైరు ఎవరి మాట వింటాది?"

"ఎవరి మాటా వినదు. ఎంతసేపులే ఉస్తాద్, అర సెకను."

అర సెకనుకు ఇంత రాద్ధాంతమా అని అతనికి రోషం ముంచుకొచ్చింది. రిపేరుకొచ్చిన ఇంకో యంత్రానికి ఆ పెట్టె తగిలించి, దాని నోట్లో తన చెయ్యే పెట్టి, రీసెట్ నొక్కమన్నాడు.

ఖలందర్ మణికట్టు పట్టి ఆ చేతిని బయటికి లాగాడు. అక్కడొక చొప్ప కర్ర పెట్టి రీసెట్ నొక్కాడు.

పెట్టెలో టక్కుమంది. బ్లేడు ఒక్క చుట్టు తిరిగింది. కర్ర రెండు ముక్కలైంది. అప్పుడు మద్దిలేటి మొదటి లైను వచ్చింది, మోటారు బుద్ధిగా ఆగింది.

చిప్ మాట్లాడేదాకా ఆ వైరు ఇష్టమొచ్చినట్టు ఊగకుండా ఆఫ్‌లోనే పట్టి ఉంచడానికి గోరంత రెసిస్టర్ ఒకటి ఉండాలి. తన ప్రోగ్రాం ఉండగా అదెందుకని మానేసింది మద్దిలేటే. అలాంటి పెట్టెలు ఇంకా పదకొండు ఊళ్ళలో తన చేత్తోనే బిగించి వచ్చాడు. అతను స్టూలు మీద కూలబడ్డాడు. ఈశ్వరమ్మ వైపు తలెత్తలేకపోయాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

ఆ వైపు ఊళ్ళన్నిటికీ మళ్ళీ మూడింటికి కరెంటొస్తుందని ఈశ్వరమ్మే చెప్పింది. గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది.

ఖలందర్ ఫోను తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

"చిప్ లేవకముందే నువ్వు లే, నాయనా."