తాళంలో ఊరిన ఆవకాయ

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులే అమ్మలూ, మన ఊరైతే నన్ను పేర్లు చెప్పనివ్వరు, వీరాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు పేర్రాజు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని ఊరందరికీ సలహాలు చెప్పేవాడు. పాపం, ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

వాళ్ళ కోడలు మణిమాల. కొడుకు లారీ మీద వెళ్ళి వారానికోసారి వచ్చేవాడు, అందుకని ఈ కథలో లేడు.

ఆ ఇంటి వెనక సామాన్ల గది ఉంది. దాని తలుపులోనే బిగించిన ఇత్తడి తాళం. తాళంచెవి ఎప్పుడూ వీరాయమ్మ బొడ్లోనే. కోడళ్ళ చేతికి తాళంచెవి ఇస్తే బెల్లం కరిగిపోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు ఆ గదిలో బెల్లం ఎలా కరిగిందో ఇప్పుడెవరూ అడగరులే.

ఈ కథ జరిగిన ఏడు మణిమాలకి మూడో నెల. ఏం తిన్నా ఇమడటం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకనాడు గోడకానుకుని, "కొత్తావకాయ అయితే నాలుగు ముద్దలు తింటానేమో" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

వీరాయమ్మ విననట్టే ఊరుకుంది. మర్నాడే కాయలు తెప్పించింది. మామూలుగా కంటే పది రోజులు ముందు. అడిగితే, "ఎండ బాగుంది" అంది.

ఆవకాయ కలిపి, జాడీకెత్తి, మూతికి వాసెన గుడ్డ కట్టి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. మూడో నాడు తిరగకలపాలి కదా. కలపకపోతే బూజు పడుతుంది. ఆ మూడో నాడు పొద్దున్నే తాళంచెవి పెట్టి తిప్పింది. సగం తిరిగి ఆగిపోయింది. ఇటు రాదు, అటు పోదు.

అప్పుడు పక్కింటి అప్పయమ్మ వచ్చింది. పిలవలేదు, పిలవక్కర్లేదు. "తాళానికి నూనె లేదు వదినా" అని, గిన్నెడు నువ్వుల నూనె తెచ్చి కన్నంలో పోసింది. తాళం తాగేసి ఊరుకుంది.

ఆ తర్వాత ఎదురింటి సూర్రావు మేష్టారు వచ్చాడు. "తుప్పండీ. తుప్పుకి ఉప్పునీళ్ళు" అన్నాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు. ఉప్పునీళ్ళు పోశారు.

ఆ తర్వాత పేర్రాజు అరుగు దిగాడు. అది చూడ్డానికే నలుగురు పోగయ్యారు. "ఇత్తడికి చింతపండు పడాలి. బిందెలు దేంతో తోముతున్నారు?" అని పులుసు పిసికి పోయించాడు. తాళం పైకి తళతళలాడింది. లోపల మాత్రం కదల్లేదు.

మధ్యాహ్నమైంది. పేర్రాజు గొడ్డలి కోసం చూశాడు.

వీరాయమ్మ గడప మీద కూలబడింది. తలుపు పోతే పోయింది. గొడ్డలి అదురుకి లోపల జాడీ పగిలినా, కలపక బూజు పట్టినా, మళ్ళీ కాయ దొరికి, ఊరి, పిల్ల నోటికి అందేసరికి ఎన్నాళ్ళవుతుంది? అన్నాళ్ళూ ఆ పిల్ల ఏం తిని బతుకుతుంది? ఇదంతా మనసులోనే అనుకుంది. పైకి మాత్రం, "పాడు తాళం" అంది.

అప్పుడు మణిమాల వచ్చి తాళంచెవి మెల్లగా వెనక్కి ఆడించి బయటికి లాగింది. దాని పళ్ళకి ఎర్రగా ఏదో ముద్ద పట్టి ఉంది. వాసన చూసింది.

"అత్తయ్యా, మొన్న జాడీ పెట్టాక చెయ్యి కడుక్కునే తాళం వేశారా?"

వీరాయమ్మ పైకప్పు వైపు చూసింది.

"ఆవపిండీ కారమూ మీ చేతివి. నూనె అప్పయమ్మ పిన్నిగారిది. ఉప్పు మేష్టారిది. పులుపు మావయ్యగారిది. అందరూ కలిసి తాళంలో ఆవకాయ పెట్టారు."

మేష్టారికి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది.

మణిమాల నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. జిడ్డు పట్టిన ఇనుముని ఎలా బుజ్జగించాలో ఆ పిల్లకి తెలుసు. ముక్కుకి కొంగు కట్టుకుంది. కోడి ఈక కిరసనాయిల్లో ముంచి కన్నంలో తిప్పింది. ఎర్రటి మడ్డి కారింది. ఆ వాసనకి కడుపులో తిప్పి, పెరట్లోకి పరుగెత్తింది. వీరాయమ్మ వెనకే వెళ్ళి నుదురు పట్టుకుంది. మణిమాల మళ్ళీ వచ్చి కడిగింది, మళ్ళీ పరుగెత్తింది. మూడుసార్లు కడిగింది, మూడుసార్లు పరుగెత్తింది, మూడుసార్లూ అత్తగారి చెయ్యి నుదుటి మీదే ఉంది.

ఆ తర్వాత తాళాన్ని ఆరనిచ్చింది. పెన్సిలు ములుకు గీకి, ఆ నల్లటి పొడి తాళంచెవి పళ్ళకి రాసింది. లోపల పెట్టి, బలవంతం చెయ్యకుండా, కొంచెం ఇటూ కొంచెం అటూ ఆడించింది. టక్కుమంది.

పేర్రాజు అరుగెక్కి, "నేను చెప్పినట్టే అయింది" అన్నాడు.

వీరాయమ్మ కుంకుడు రసంతో చేతులు కడుక్కుని జాడీ అడుగు నుంచి తిరగకలిపింది. వేడి అన్నంలో కొత్తావకాయ, నూనె తేట కలిపి ముద్దలు చేసి కోడలి చేతిలో పెట్టింది. నాలుగన్న పిల్ల తొమ్మిది తింది. తిని, కదలకుండా కూర్చుంది. ఇంట్లో అందరూ కూడా కదలకుండా కూర్చున్నారు. ఇమిడింది.

అప్పుడు వీరాయమ్మ గది తలుపు వేసి, తాళం తిప్పి, తాళంచెవి తీసి, ఒక్క క్షణం చూసుకుంది. కోడలి కొంగు లాగి దాని చివర ముడేసింది.

"నీ దగ్గరే ఉంచు" అంది. "నా చేతులకి ఎప్పుడూ ఏదో ఒకటి అంటుకుని ఉంటుంది."

కాస్త ఆగి, "బెల్లం కుడి పక్క డబ్బాలో ఉంది" అంది.

అంతే అమ్మలూ. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
జాడీ గది మూలకి,
తాళంచెవి కొంగుకి,
పేర్రాజు అరుగుకి,
నువ్వూ నేనూ నిద్దరకి.