రెడ్డెప్పను చూసి ముడుచుకున్న మొక్క

ఆ మొక్క తనను చూసే ఆకులు ముడుచుకుంటోందని రెడ్డెప్పకు గట్టి అనుమానం పట్టుకుంది.

రెడ్డెప్ప మదనపల్లె టమోటా మండీలో కూలీ. పొద్దున్నే వెళ్తే లారీల్లోకి పెట్టెలు ఎత్తడం, దించడం, పేర్చడంతోనే అతనికి పొద్దు గూకుతుంది. అక్కణ్ణించి ఇంటికి కూడా పోకుండా, నేతగాళ్ళ వీధిలో ఉన్న చెంగల్రాయప్ప దగ్గరికి వస్తాడు. చెంగల్రాయప్ప పట్టుచీరలు నేసే మనిషి. మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే, వచ్చిన నలుగురికీ నాలుగు మంచి మాటలు చెబుతాడు. వినేవాళ్ళు ఆయన్ని సామీ అని పిలుస్తారు. ఆయనకు ఆ పిలుపు అంతగా ఇష్టం లేదు గానీ, వద్దని చెప్పి చెప్పి విసిగిపోయాడు.

రెడ్డెప్ప ఆరేళ్ళు తిరిగాక, వచ్చే పౌర్ణమికి ఉపదేశం ఇస్తానని సామి మాటిచ్చాడు. రెడ్డెప్పకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చెప్పులు వేసుకోబోతుంటే సామి వెనక్కి పిలిచి, కిటికీలో ఉన్న మట్టికుండీ చూపించాడు.

"అంతదాకా దీన్ని నువ్వు చూసుకోప్పా."

బెంగుళూరులో నర్సుగా ఉన్న ఒక శిష్యురాలు తెచ్చిచ్చిన మొక్క అది. జానెడు ఎత్తు. సన్నటి కాడలు, ఒక్కో కాడ చివర మూడేసి ఆకులు, వంకాయ రంగులో. మధ్యమధ్య లేత గులాబీ పూలు. పెరట్లో కలుపుగా మొలిచే పులిచింతకు ఇది పెద్ద చుట్టమట. సామి భార్య అమ్మణ్ణమ్మ దానికి ఊదా పులిచింత అని పేరు పెట్టుకుంది. దాన్నెట్లా చూసుకోవాలో కూడా ఆమే చెప్పింది. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్ళు పోయాలి. ఎండిన కాడలు మెల్లగా లాగెయ్యాలి. వెలుతురు వైపే వాలిపోకుండా వారానికోసారి కుండీ కొంచెం తిప్పాలి.

"అంతే నాయనా. దానంతట అదే బతుకుతాది," అంది.

ఆ చివరి మాట రెడ్డెప్ప చెవికెక్కలేదు. గురువు శిష్యుడి చేతికి ఊరికే మొక్క ఇస్తాడా? ఇది పరీక్షే అనుకున్నాడు. ఆరేళ్ళు గురువుల కథలు విన్న మనిషి ఇంకేమనుకుంటాడు!

మొదటి రోజు సాయంత్రం వచ్చేసరికి ఆకులన్నీ మడిచిన గొడుగుల్లా కిందికి వేలాడుతున్నాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు కాస్త ముందొచ్చాడు. ఆకులు ఇంకా విప్పుకునే ఉన్నట్టు కనిపించాయి. సంతోషంగా వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నాక ఒక్కొక్కటే వంగడం మొదలుపెట్టాయి. దీపం పెట్టేవేళకు ఒక్క ఆకూ అతని వైపు చూడలేదు.

"పొద్దున చూడల్ల నువ్వు," అంది అమ్మణ్ణమ్మ. "సీతాకోకచిలకలు వాలినట్టే ఉండింది."

పాలామె కూడా చూసిందట. పట్టు నూలు తెచ్చినాయన చూసి, ఒక పిలక ఇమ్మని అడిగాడట. అందరికీ కనిపించింది రెడ్డెప్ప ఒక్కడికే కనిపించలేదు.

"పొద్దుగూకితే చింతాకు ముడుచుకోదా? ఇదీ అంతే," అందామె అతని మొహం చూసి.

ఆ మాటతో ప్రాణం కొంచెం కుదుటపడింది. అయినా తేల్చుకుందామని, మండీకి సెలవైన రోజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. కిటికీ నీడలో ఆకులు నిజంగానే విప్పుకుని ఉన్నాయి. రెడ్డెప్ప పొంగిపోయాడు. ఇంకా బాగా చూడాలని కుండీ ఎత్తుకెళ్ళి వాకిట్లో ఎర్రటి ఎండలో పెట్టి, ముందర బాసింపట్టు వేసుకున్నాడు. అరగంట గడవలేదు, ఆకులన్నీ తలలు దించేసుకున్నాయి.

అంత ఎండ ఆ మొక్కకు పడదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదేమో. అనుమానం అప్పటికే ముదిరింది.

మరుసటి రోజు నుంచి మండీ బోరింగు దగ్గర స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని రాసాగాడు. ఉల్లిపాయ మానేశాడు. మొక్కకు సూటిగా ఎదురుపడకుండా ఓరగా కూర్చుని చూశాడు. ఏం చేసినా సాయంత్రమయ్యేసరికి అదే వరస. తప్పంతా తనదేనని, ఆ తప్పేదో కడుక్కోవాలని, వెళ్ళే ముందు రోజూ ఒక చెంబెడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకునేవాడు. వారానికి కాడలు నాలుగు పసుపుపచ్చగా మెత్తబడి పడిపోయాయి.

"ఏమప్పా, అది కుండీ అనుకుంటివా, చెరువనుకుంటివా?" అని అమ్మణ్ణమ్మ కేకలేసింది. "అడుగున గడ్డలు కుళ్ళిపోతాయి. ఇంక ఒక్క చుక్క పోస్తే చూడు!"

అంత మంచి మనిషి కూడా కోప్పడేసరికి తప్పు తనలోనే ఉందని రెడ్డెప్పకు రూఢి అయిపోయింది. పౌర్ణమి రెండు రోజులుందనగా, చీకటి పడేవేళ వచ్చి మగ్గం పక్కన నిలబడ్డాడు. చెంగల్రాయప్ప తెగిన పోగు ముడివేస్తున్నాడు.

"నాకు ఉపదేశం వద్దు సామీ."

"ఏంటికి?"

"మీరు పెట్టిన పరీక్షలో తప్పినా."

"నేనేం పరీక్ష పెడితి?"

"ఆ మొక్క."

చెంగల్రాయప్ప పోగు వదిలేసి తలెత్తాడు. "అమ్మణ్ణమ్మకు మోకాళ్ళ నొప్పులని నీకిస్తి కదప్పా."

గురువులు అట్లాగే అంటారని రెడ్డెప్పకు తెలుసు. తల అడ్డంగా ఆడించాడు.

"అందరికీ విప్పుకుంటాది సామీ. నేను పోతే మొహం ముడుస్తాది. మా అన్న కూడా ఇంతే."

సామి కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు. రెడ్డెప్ప నేల మీద కూలబడి, ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు. పదేళ్ళ కింద నీళ్ళ మోటారు దగ్గర తగాదా వచ్చింది. నలుగురి ముందూ రెడ్డెప్పే అన్నను చెంప మీద కొట్టాడు. ఆ రోజు నుంచి అన్న మాట్లాడలేదు. ఎదురొస్తే తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు. పోయినేడు జ్వరంతో మంచాన పడితే రెడ్డెప్ప వెళ్ళి పక్కన కూర్చున్నాడు. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అట్లాగే పోయాడు.

"నన్ను తమ్ముడనుకునే పోయినాడో, తిట్టుకుంటా పోయినాడో తెలీదు సామీ. ఇప్పుడు ఆ మొక్క కూడా అట్లే చేస్తా ఉండాది. నాలో ఏదో చెడ్డ ఉండాది. అది దానికి తెలిసిపోయింది."

రెడ్డెప్ప ఏడ్చాడు. పెట్టెలు మోసే పెద్ద శరీరం కదిలిపోయేలా ఏడ్చాడు.

చెంగల్రాయప్ప ఓదార్చలేదు. గుంటలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ముడుచుకున్న ఆకు ఒకటి తుంచి తెచ్చాడు.

"నములు."

రెడ్డెప్పకు అర్థం కాలేదు. అయినా సామి ఇచ్చింది కాబట్టి నోట్లో వేసుకున్నాడు. పులుపుకు కన్ను మూతపడింది.

"ఎట్లుండాది?"

"పుల్లగా ఉండాది సామీ."

"సరే. రేపు మండీకి పోకముందే రా. ఇంకా తెల్లవారకముందే."

దారి పొడుగునా రెడ్డెప్ప బుర్ర వేడెక్కిపోయింది. అంత చెప్పుకుంటే ఆకు పెట్టాడేమిటి? ఇది శిక్షా, మందా? లేక ఇంక నోరు మూసుకోమనా? ఎటు తిప్పి చూసినా ఏదీ తోచలేదు. ఏడ్చినందుకు సిగ్గు మాత్రం వేసింది.

తెల్లవారుజామున వచ్చేసరికి ఆకులు ముడుచుకునే ఉన్నాయి. సామి అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను కాస్త ఎడంగా కూర్చుని కండెలకు పట్టు చుట్టుకోసాగాడు. లోపల అమ్మణ్ణమ్మ పొయ్యి వెలిగిస్తున్న చప్పుడు. బయట ఎవరో కల్లాపి చల్లుతున్నారు.

కిటికీ తెల్లబడింది. ఒక ఆకు కొంచెం లేచింది. అది నిజమా, కంటి భ్రమా అని రెడ్డెప్ప చూస్తుండగానే పక్కది లేచింది. వెలుతురు పెరిగేకొద్దీ కుండీ అంతా మెల్లమెల్లగా విచ్చుకుంది. ఊదా రంగు ఆకులు అన్నీ పరుచుకుని, వాటి మధ్య ఒక మొగ్గ కూడా కనిపించింది.

"విప్పుకునింది సామీ!" రెడ్డెప్ప గట్టిగా అరిచాడు. "నన్ను క్షమించింది! నన్ను చూసే విప్పుకునింది!"

చెంగల్రాయప్ప చేతిలో కండె ఆగింది.

"ముడుచుకుంటే నీ వల్ల, విప్పుకుంటే నీ వల్ల. దానికి వేరే పనేం లేదా?"

సామి లేచి వచ్చి, బాగా విచ్చుకున్న ఆకు ఒకటి తుంచి అతని చేతిలో పెట్టాడు.

"నములు."

నమిలాడు.

"ఎట్లుండాది?"

"పుల్లగా ఉండాది."

"నిన్నటిదో?"

"అదీ పులుపే సామీ."

"ఏది ఎక్కువ?"

రెడ్డెప్ప జవాబు కోసం నిజంగానే వెతికాడు. ఇంకొంచెం నమిలాడు. కళ్ళు మూసుకుని నిన్నటి రుచి తలచుకున్నాడు.

"రెండూ ఒకటే సామీ. తేడా ఏం లేదు. ముడుచుకున్నదీ..."

అక్కడ అతని దవడ ఆగిపోయింది.

"మా అన్న... గోడవైపు తిరిగినా..." అన్నాడు.

రెడ్డెప్ప కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి, కిటికీ వంక చూస్తూ కూర్చున్నాడు. అమ్మణ్ణమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టి, ఏమైందని అడగబోయి, భర్త మొహం చూసి వెళ్ళిపోయింది.

వీధిలో టమోటా ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. రెడ్డెప్ప తేరుకుని, కాఫీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. ఇప్పుడతనికి ఉపదేశం మీద మళ్ళీ ఆశ పుట్టింది. గడప దగ్గర తటపటాయించి వెనక్కి తిరిగాడు.

"పౌర్ణమి రోజు ఎన్ని గంటలకు రమ్మంటారు సామీ?"

చెంగల్రాయప్ప అప్పటికే మగ్గం గుంటలోకి కాళ్ళు దించుతున్నాడు.

"దేనికి?"

"ఉపదేశానికి."

"ఇంకోసారా?" అన్నాడాయన. "పోప్పా, మండీకి పొద్దుపోతా ఉండాది."