మూడు గొంతుల గోరింక

అనగనగా మూడు కొండల నడుమ ఒక చిన్న అడవి. అందులో పులులూ లేవు, సింహాలూ లేవు. కుందేళ్లు, ముంగిసలు, ముళ్లపందులు, అడవికోళ్లు, ఇలాంటి చిన్న జీవాలే ఉండేవి.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో ఒక్క చెలమ మిగిలింది. అందులో ఊరే నీళ్లు కూడా రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. చెలమ అడుగున పెద్ద బండ ఒకటి అడ్డం పడి ఉంది. దాన్ని తీస్తే కింద బోలెడు నీళ్లు. మరి కుందేళ్లు బండను ఎత్తగలవా? నాలుగు ముంగిసలు కలిసి నెట్టి చూశాయి. బండ కదల్లేదు కానీ ముంగిసలకు నడుములు పట్టేశాయి.

పక్క అడవుల వాళ్లను సాయం అడగక తప్పదని ముళ్లపంది తాత తేల్చాడు. ఎవరు వెళ్తారంటే అందరూ రవళి వైపు చూశారు. రవళి ఒక గోరింక. ఎవరి గొంతు విన్నా అచ్చం అలాగే పలికేది. ఎక్కడికి వెళ్లినా వాళ్లలో కలిసిపోయేది.

రవళికీ వెళ్లాలనే ఉంది. ఆ వారమే ఆమె చెట్టుతొర్రలో మూడు నీలి గుడ్లు పెట్టింది. పున్నమి నాటికి అవి పిల్లలవుతాయి. చెలమ ఎండితే మిగతా వాళ్లు ఎటైనా నడిచిపోగలరు. రెక్కలు రాని పిల్లలు ఎక్కడికి పోతారు? అందుకని గుడ్లను మగగోరింకకు అప్పజెప్పి ఆమె బయలుదేరింది.

మొదట తూర్పుకొండ దాటి ఏనుగుల దగ్గరికి వెళ్లింది. అచ్చం ఏనుగులాగే ఘీంకరించి పలకరించింది. ఏనుగులు ముచ్చటపడి చుట్టూ చేరాయి. రవళి ఇంకా వచ్చిన పని చెప్పనేలేదు, ఏనుగుల పెద్దమ్మ తమ కష్టం చెప్పడం మొదలుపెట్టింది. ఈ ఎండలకు మందంతా ఒకేసారి స్నానానికి దిగే గుంట ఎక్కడా దొరకడం లేదట.

తాగడానికి నీళ్లు లేవనే మాట రవళి నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఇంత పెద్దవాళ్లకు చిన్న జీవాల దాహం ఏం పట్టుద్దిలే అనుకుంది.

"గుంట సంగతే మాట్లాడదామని వచ్చాను పెద్దమ్మా. మీరొచ్చి మా చెలమలో బండ తీస్తే మీ మందంతా దిగి స్నానం చేయొచ్చు," అంది.

పెద్దమ్మ చెవులు ఊపింది. పున్నమికల్లా వస్తామంది. ఈలోగా మూడు రోజులకోసారి వచ్చి కబురు చెప్పి పొమ్మంది.

చూశారా పిల్లలూ, పని ఎంత తేలిగ్గా అయిపోయిందో! రవళికి హుషారు వచ్చింది. అక్కడి నుంచి ఉత్తరపు ఏటికి వెళ్లి నీటికుక్కలను కలిసింది. నేల కింద నీటి జాడ ఎటు పోతోందో వాటికి బాగా తెలుసు. వాటిలాగే ఈల వేసి, చేపలు పెరిగే లోతైన మడుగు తవ్వుతున్నామని చెప్పింది. మడుగు ఇరుకుగా ఉండాలి, చేపలు దాక్కోవడానికి రాళ్లుండాలి అన్నాయి అవి. అలాగేనంది. ఆ తరువాత పడమటి కొండ దాటి, ఎంతో దూరాన నీళ్లు నిలిచే వరి కయ్యల్లో ఉండే కొంగల దగ్గరికి వెళ్లింది. వాళ్ల దగ్గర తుంగగడ్డలు ఉన్నాయి. గట్టున నాటితే ఇసుక జారదు. తాము దిగి నిలబడేలా కయ్య మోకాలి లోతు మించకుండా, వెడల్పుగా ఉంటేనే ఇస్తామన్నాడు కొంగల పెద్దాయన. దానికీ అలాగేనంది.

అందరినీ పున్నమికే రమ్మంది. ఎవరికి ఏ రోజు చెప్పానో గుర్తుపెట్టుకోవడం కష్టం కదా, అందుకని.

ఇక చూడండి రవళి అవస్థ. గుంట ఇంకా మొదలవనేలేదు, మూడు చోట్లకీ మూడు కబుర్లు మోయాలి. తూర్పున గుంట వెడల్పు చెప్పాలి. ఉత్తరాన చేపల గురించి చెప్పాలి. పడమట లోతు లేదని చెప్పాలి. ఎగిరి ఎగిరి తల గిర్రున తిరిగేది. ఏనుగుల ముందు ఈల వేసేది. నీటికుక్కల ముందు ఘీంకరించేది. ఒకసారి కొంగల దగ్గర చేపల సంగతి నోరు జారింది.

"చేపలు తిరిగేంత లోతా? మోకాలి లోతన్నావుగా?" అన్నాడు కొంగల పెద్దాయన.

"మా చేపలు పడుకుని ఈదుతాయండీ," అనేసింది రవళి.

ఆయన ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. రవళి కూడా ఆలోచించింది. ఇంతకీ మా అడవికి కావలసింది ఏమిటి? స్నానాల గుంటా, చేపల మడుగా, కొంగల కయ్యా? ఎంత తన్నుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

పున్నమికి ఒకరోజు ముందే గుడ్లు పగిలి ముగ్గురు పిల్లలు బయటికి వచ్చారు. చెలమలో నీళ్లు అప్పటికి దోసెడే ఉన్నాయి. తల్లి మాత్రం పడమట కొంగలకు లోతు సంగతి చెబుతోంది.

పున్నమి నాడు పొద్దున్నే మూడు దిక్కుల నుంచీ అందరూ దిగారు. ఏనుగులు కాళ్లతో గట్టును తన్ని చెలమను వెడల్పు చేశాయి. గట్టు పోతే ఇరుకు ఎలా వస్తుందని నీటికుక్కలు రాళ్లు దొర్లించుకొచ్చి అడ్డం పెట్టాయి. లోతు ఎక్కువైందని కొంగలు కాళ్లతో ఇసుక తోశాయి. ఒకరు తీసింది ఒకరు పూడ్చారు. ఆ గొడవలో బండ జోలికి ఎవరూ పోలేదు. మధ్యాహ్నానికి ఆ దోసెడు నీళ్లూ బురదలో కలిసిపోయాయి. కుందేళ్లు వచ్చి బురద నాకాయి.

"ఏమమ్మా, నువ్వు చెప్పింది స్నానాల గుంటే కదా?" అంది ఏనుగుల పెద్దమ్మ.

"చేపల మడుగు కదా?" అన్నాయి నీటికుక్కలు.

కొంగల పెద్దాయన బురదలో కాలు దించి లోతు కొలిచాడు.

రవళి నోరు తెరిచింది. ముందు ఘీంకారం వచ్చింది. తరువాత ఈల వచ్చింది. తన సొంత గొంతు ఎలా ఉంటుందో ఆమెకే తెలియలేదు. అప్పుడు చెట్టుతొర్ర లోంచి మగగోరింక పిలిచాడు. పిల్లలు నోళ్లు తెరవడం లేదని చెప్పాడు. రవళి అందరి ముందూ బోరున ఏడ్చేసింది. ఆ ఏడుపులో ఆమె గొంతు ఆమెకు దొరికింది.

"గుంటా లేదు, మడుగూ లేదు, కయ్యా లేదు. మాకు తాగడానికి నీళ్లు లేవు. నా పిల్లలు దాహంతో పోతున్నారు. మీకు నచ్చుతుందని ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పాను," అంది.

కొంగలు ముఖాలు చూసుకున్నాయి. మాట తప్పిన చోట ఉండలేమని తుంగగడ్డలతో సహా ఎగిరిపోయాయి. నీటికుక్కలు మాత్రం ఇసుకను వాసన చూసి, బండను ఏ మూల పట్టి లేపాలో చూపించాయి. పెద్దమ్మ తొండం దూర్చి ఒక్క ఊపు ఊపింది. బండ లేచింది. నీళ్లు బుడబుడా పైకి వచ్చాయి.

"ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అంది పెద్దమ్మ.

"మా దాహం మీకు పట్టదేమోనని భయపడ్డాను."

పెద్దమ్మ తొండం కిందికి దించింది. "మా అడవి నుంచి ఇక్కడికి రెండు రోజుల నడక. తాగే నీళ్లని చెబితే ఆ పూటే బయలుదేరేవాళ్లం. స్నానానికే కదా, తొందరేముందని దారిలో వెలగపళ్లు తింటూ పది రోజులు నడిచాం," అంది.

రవళి ముక్కు నిండా నీళ్లు పట్టుకుని తొర్రలోకి ఎగిరింది. మొదటి పిల్ల నోట్లో చుక్క వేసింది. అది గుటక వేసింది. రెండో పిల్ల నోట్లో వేసింది. అదీ గుటక వేసింది. మూడో పిల్ల ముక్కు మీద చుక్క పెట్టి చాలాసేపు కూర్చుంది. ఆ పిల్ల నోరు తెరవలేదు.

నీతి: సాయం అడిగేటప్పుడు మన అవసరాన్ని ఉన్నది ఉన్నట్టు, అందరికీ ఒకే మాటగా చెప్పాలి. ఇచ్చేవారికి నచ్చేలా మార్చి చెబితే, వచ్చే సాయం కూడా వేళ దాటాక వస్తుంది.