నలుపును తాకిన సూది

మొదట నా దగ్గర ఉన్నది మూడు వందల ఇరవై మిల్లీగ్రాముల తెల్లటి పొడి. ఒక్కో పరీక్షకు రెండు మిల్లీగ్రాములు చాలు. అంటే నూట అరవైసార్లు చూడవచ్చు. కెమిస్ట్రీ విభాగంలో పరిశోధన చేసే ఎస్తేరు అక్క ఆ పొడిని చిన్న సీసాలో పోసి, పైన 12 అని అంకె వేసి, రెండు చేతులతో నా చేతిలో పెట్టింది. "దీని దగ్గర తుమ్మకు నాగులూ. పద్నాలుగు నెలల పని అది" అంది.

నేను పక్క భవనంలో, ఫిజిక్సు విభాగంలో, వేదాద్రి గారి శిష్యుణ్ణి. మేం చూసేది ద్రవ స్ఫటికాలను. నీళ్లలా పారుతూనే, లోపలి పొడవాటి అణువులన్నీ ఒకే వైపుకు సర్దుకుని ఉండే పదార్థాలవి. పొడిని రెండు గాజు పలకల మధ్య పెట్టి, మెల్లగా వేడి చేస్తూ మైక్రోస్కోపులో చూస్తాం. పలకల కింద కాంతిని ఒకే దిశలో వడగట్టే పొలరైజరు ఒకటి ఉంటుంది, పైన దానికి అడ్డంగా మరొకటి. మధ్యలో మామూలు ద్రవం ఉంటే కాంతి పైదాన్ని దాటలేదు, అంతా నలుపు. ద్రవ స్ఫటికం ఉంటే కాంతి తీరును మార్చి పైకి పంపుతుంది, రంగులు కనిపిస్తాయి.

అక్క తయారుచేసిన వరుసలో మొదటి పదకొండూ రంగులు చూపాయి. పన్నెండోది కూడా చూపితే ఆమె థీసిస్ పూర్తవుతుంది. చూపకపోతే దాని స్థానంలో ఇంకొకటి తయారుచెయ్యాలి, దానికి తక్కువలో తక్కువ ఎనిమిది నెలలు. ఆమెకు మిగిలిన గడువు నాలుగు.

యాభై నాలుగు డిగ్రీల దగ్గర పొడి కరిగింది. కరిగిన క్షణంలో ఒక్క మెరుపు మెరిసి, వెంటనే నల్లబడింది. వందదాకా వేడి చేశాను, నలుపే. చల్లార్చాను, గడ్డ కట్టేదాకా నలుపే. పలకలు మార్చి ఇంకో రెండుసార్లు చూసినా అంతే. రిజిస్టరులో "ద్రవ స్ఫటిక దశ లేదు" అని రాసి, మర్నాడు పొద్దున్నే వెళ్లి అక్కకు చెప్పాను. ఆ తర్వాత నాలుగో పలకలో పొడిని కరిగించి, వేడి మీదే మైక్రోస్కోపు కింద ఉంచి, రిజిస్టరు తీసుకుని సంతకం కోసం సార్ దగ్గరికి వెళ్లాను.

వేదాద్రి గారు సంతకానికి ముందు ప్రతి అక్షరం చదువుతారు. "లేదు" అన్న మాట దగ్గర ఆయన కలం ఆగింది.

"మూడుసార్లు చూశాను సార్. చాలదంటారా? లేదని రాయాలంటే లెక్క ప్రకారం ఎన్నిసార్లు చూడాలి?" అని అడిగాను.

ఎన్ని అన్న ప్రశ్నకు ఆయన అంకెతో జవాబివ్వడం నేనెన్నడూ వినలేదు. లేచి ల్యాబులోకి నడిచి, "స్టూలు ఖాళీగానే ఉందా?" అంటూ నా స్టూలు మీదే కూర్చున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు ఆ నలుపులోకి చూశారు. నేను గడియారం చూశాను, నాలుగు నిమిషాలు. తర్వాత ట్రేలో మిగిలిన గాజు పలక ఒకటి తీసి వాసన చూశారు.

"నిమ్మకాయ వాసనేమిటయ్యా?"

"హాస్టల్ మెస్సులో గిన్నెలు తోమే సబ్బు నీళ్లు సార్. యాసిడ్‌లో నానబెడితే రోజంతా పడుతోంది. ఈసారి దీంతో గంటలో నలభై పలకలు కడిగేశాను."

"మీ మెస్సులో గిన్నెలు కూడా ఇంత తెల్లగా ఉండవు కదయ్యా" అని నవ్వారు. "తర్వాత మంచినీళ్లతో ఎన్నిసార్లు కడిగావు?"

"రెండుసార్లు."

ఆయన కోప్పడలేదు. పొడి తీసే సూదిని నా చేతికిచ్చి, వేడిని అరవై డిగ్రీల దగ్గర నిలబెట్టారు. స్టూలు నాకిచ్చేసి, "చూస్తూనే పై పలకను మొనతో మెల్లగా నొక్కు. పలక పగలకూడదు, దానికి నొప్పీ కలగకూడదు" అన్నారు.

నొక్కాను. సూది మొన కింద నలుపు చీలి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఒకదాని వెనక ఒకటి వలయాలుగా విచ్చుకున్నాయి. సూది ఎత్తగానే అన్నీ కుదురుకుని మళ్లీ నలుపు. మళ్లీ నొక్కాను, మళ్లీ రంగులు. ఎన్నిసార్లు నొక్కానో నాకు తెలియదు. ఆ రోజు నేను లెక్క మరిచిన పని అదొక్కటే.

"సార్, ఇది..."

"నాకెందుకు చెబుతావు? దాన్నే అడుగుతూ పో" అన్నారాయన.

వేడిని కొంచెం కొంచెంగా పెంచుతూ నొక్కుతూ పోయాను. డెబ్బై, రంగులు. ఎనభై, రంగులు. ఎనభై ఎనిమిది పాయింట్ నాలుగు దగ్గర నొక్కితే ఏమీ రాలేదు. మూడుసార్లు నొక్కాను. ఏమీ లేదు. పైకి చూస్తే ఇదీ అదే నలుపు, కానీ ఇది నిజంగా మామూలు ద్రవం. కరిగింది యాభై నాలుగు పాయింట్ రెండు దగ్గర. అంటే ముప్పై నాలుగు డిగ్రీల మేర ఆ పదార్థం ద్రవ స్ఫటికంగానే ఉంది. అక్క చేసిన మిగతా పదకొండింటిలో దేనికీ అంత లేదు.

"మరి నల్లగా ఎందుకు కనిపించింది సార్?"

"నువ్వు పలక మీద వదిలిన సబ్బు పొర చలవ. దాని మీద అణువులన్నీ నిటారుగా లేచి నిలబడ్డాయి. పక్కకి ఒరిగితేనే రంగు కనిపిస్తుంది, నువ్వు నొక్కినప్పుడల్లా జరిగిందదే. ఇవి తిన్నగా నీ కంట్లోకే చూస్తున్నాయి. అలా ఎదురుగా చూసేవాటిని ఈ యంత్రం లేవంటుంది. యంత్రానికైతే తెలియదు. నువ్వేమో దాని మాట నమ్మి కాగితం మీద పెట్టావు."

రిజిస్టరులో ఆ వాక్యం కొట్టేశాను. ఆయన సంతకం పెట్టకుండానే కలం మూత బిగించి, "బాగా కడిగిన పలకల మీద కొలతలన్నీ మళ్లీ తియ్యాలి" అన్నారు. పొడి ఇంకా మూడు వందల పన్నెండు మిల్లీగ్రాములు ఉంది. కానీ ముందు చెయ్యాల్సిన పని వేరే ఉంది. అక్కకు చెప్పి వస్తానని చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

తలుపు దగ్గర ఉండగా సార్ వెనక నుంచి పిలిచారు.

"నాగులూ, పొద్దున నువ్వు లేదని చెప్పినప్పుడు ఎస్తేరు ఏమంది?"

"బాధపడినట్టు లేదు సార్. సరేలే, పాపం నువ్వూ శ్రమపడ్డావు అని నవ్వింది కూడా. మామూలుగానే ఉంది."

ఆయన కళ్లజోడు నుదుటి మీదనుంచి కిందికి దించుకుని నా వైపు చూశారు.

"అయితే అక్కడా నలుపే చూసి వచ్చేశావన్నమాట" అన్నారు. "వెళ్లు, త్వరగా వెళ్లు."