పెన్న ఏట్లో నాలుగు గుడ్లు

సంఘానికి మనుషులు లేరు. ఓబులేసు దిగులంతా అదే.

పెన్న ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో పిట్టల్నీ చెట్లనీ చూసేవాళ్ల సంఘం అది. పెట్టింది దస్తగిరి సాబు. కాలేజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఇది ఏ పిట్ట అని అడిగితే పేరు చెప్పడు, "చూడు" అంటాడు. ఓబులేసు ఆయన శిష్యుడు, ఈ ఏడాది నుంచి సంఘం కార్యదర్శి. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం నడుస్తున్నా సభ్యులు తొమ్మిది మందే.

ఇప్పుడు, సంఘానికి ఒక గది ఇచ్చిన పఠన మందిరం వాళ్లు తేల్చి చెప్పేశారు. నెలాఖరుకు ముప్పై మంది సభ్యుల సంతకాలు చూపిస్తేనే గది. లేకపోతే బీరువా, పుస్తకాలు, సాబు ఏరి దాచిన ఈకలు, అన్నీ వీధిలోకే.

"ఏం చేద్దాం సాబూ?"

"ఆదివారం నడుద్దాం," అన్నాడాయన.

ఓబులేసుకు ఒళ్లు మండింది. తనే ఒక ఉపాయం ఆలోచించాడు. ఏట్లో గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. రాయేదో గుడ్డేదో తెలియనంత అందంగా ఉన్నాయి. చూస్తే ఎవరి మనసైనా కరిగిపోతుందని అతని నమ్మకం. రండి చూపిస్తాను, చూశాక సంతకం పెట్టండి అని ఫోన్లో అందరికీ పంపాడు.

నలభై మంది వచ్చారు!

"ఎవురూ ముట్టుకోవద్దండప్పా. పదైదు అడుగుల దూరం. అది మా సంఘం మొదటి నియమం," అన్నాడు గర్వంగా. అందరూ బుద్ధిగా గుండ్రంగా నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. తీతువు వాళ్ల తలల మీద తిరుగుతూ ఒకటే అరుపు.

"ఇది అరిస్తే ఊర్లో ఎవురో పోతారంట గదా?"

"మా వార్డు మెంబరైతే బాగుండు."

నవ్వులు. ఆ నవ్వుల్లో ఓబులేసుకు గది తాళంచెవి గలగలమన్నట్టుంది.

పదకొండు కావస్తుండగా సాబు వచ్చాడు.

"ఎంతసేపైంది?"

"గంటన్నర సాబూ! ఒక్కరూ కదల్లేదు. ఒక్కరూ ముట్టుకోలేదు."

సాబు మనుషుల్ని తప్పించుకుంటూ నేరుగా గూటి దగ్గరికి నడిచి, వంగి, ఒక గుడ్డు తీశాడు.

ఓబులేసు ఒక అడుగు ముందుకేశాడు. రాలిపడిన ఖాళీ గూడు ముట్టుకున్నందుకే ఒకసారి తనతో నెలరోజులు మాట్లాడని మనిషి! చుట్టూ ఫోన్లన్నీ సాబు వైపు తిరిగాయి.

"చెయ్యి పట్టు," అన్నాడు సాబు.

అరచేతిలో పెట్టాడు. ఓబులేసు అదిరిపడ్డాడు. తల్లి పక్కన లేని గుడ్డు చల్లారి ఉంటుందనుకున్నాడు. అది చుర్రుమంది.

"పొదగడమంటే వెచ్చగా ఉంచడం గదా సాబూ..."

"ఇది ఏప్రిల్ నెల నాయనా."

గుడ్డు తీసుకుని మెల్లగా దాని చోట్లో పెట్టాడు. ఎండకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆయన నీడ నాలుగు గుడ్ల మీదా పడింది.

"వాళ్లను పంపించు."

"ఇంకా సంతకాలు పెట్టలేదు సాబూ."

సాబు గడ్డం మీంచి చెమట చుక్క రాలింది.

ఓబులేసు చేతిలో తెల్ల కాగితాలు ఉన్నాయి. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. జనం వైపు తిరిగాడు.

"పోండప్పా. అయిపోయింది. దండం పెడతా, తొందరగా పోండి."

"పిలిచి పొమ్మంటావా? ఇదేం మర్యాదప్పా!"

"మీ సంఘానికో దండం సామీ," అని ఒకాయన ఇసుక తన్నుకుంటూ పోయాడు.

ఏరు ఖాళీ అయింది. గురుశిష్యులిద్దరూ దూరంగా తుమ్మచెట్టు కిందికి వెళ్లి కూర్చున్నారు. తీతువు అరుపు ఆపింది. కిందికి దిగింది. కానీ గుడ్ల వైపు పోలేదు, నీటి మడుగు వైపు పరిగెత్తింది.

ఓబులేసు గాభరాగా లేచాడు. "అదేంది సాబూ! గుడ్లకాడికి పోలా!"

"కూర్చో."

పిట్ట మడుగులో దిగి పొట్ట ముంచింది. ఈకలన్నీ తడిసేదాకా అక్కడే ఊగింది. తర్వాత నీళ్లు కారుతుండగా రాళ్ల మీద పరుగు పరుగున వచ్చి, కాళ్లు ముడిచి, ఆ నాలుగింటి మీదా మెత్తగా ఒదిగింది. కాసేపటికి లేచి మళ్లీ మడుగుకు పోయింది. మళ్లీ వచ్చింది.

ఓబులేసు కళ్లు మసకబారాయి.

"బతుకుతాయా?"

"తెలీదు."

పిట్ట ఇంకోసారి పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంది.

"గది పోతాది సాబూ."

"పోతాది."

"మరి మనం యాడ కూర్చోవాల?"

సాబు గులకరాళ్ల వైపు గడ్డం ఎత్తాడు.

"అది యాడ కూర్చోనుండాదో చూడు."