కుర్చీ వేసే యాప్

చోడవరంలో తెలివి పంచిపెట్టిన రోజున తమ ఇంటివాళ్ళు రెండుసార్లు వరసలో నిలబడ్డారని షామియానాల గంగులుకి గట్టి నమ్మకం. తమ్ముళ్ళు పైడిరాజుకీ, ఎర్రినాయుడికీ అన్న మాటంటే వేదం. కాబట్టి ఆ ఇంట్లో అనుమానమన్నదే లేదు.

ఆ ఏడు పెళ్ళి బేరాలన్నీ యాప్ ఉన్న కొత్త షాపుకి తరలిపోయాయి. మిగిలింది ధాన్యం వ్యాపారి తాతారావు గారి కూతురి పెళ్ళొక్కటే. అదీ పోతే షామియానాలూ, కుర్చీలూ అద్దెకిచ్చే నాన్న పెట్టిన షాపు మూసుకోవాలి. గంగులుకి అన్నం సహించలేదు.

"మనమూ ఓ యాప్ సేద్దుం. మన బుర్రలకేటి తక్కువ?" అన్నాడు.

పైడిరాజు కంప్యూటర్ నేర్పే మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు, వెనకే గంగులు. "మొదటిది చిన్నదే చెయ్యండి. ఒక బటన్, నొక్కితే ఒక మంచి మాట," అని ఆవిడ దగ్గరుండి లాప్‌టాప్‌లో రాయించింది. మంచి మాట గంగులే చెప్పాడు: "రండి, కూర్చోండి."

ఇంటికొచ్చి ఫోన్‌ని వైరుతో లాప్‌టాప్‌కి తగిలించారు. తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది. అంతే, ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. యాప్ ఫోన్లోకి ఎక్కేసింది, బటన్ కూడా కనిపించింది. అయినా ఎవరూ కదల్లేదు. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మింది.

"ఏటిది, బొమ్మల కొలువా?" అంది గంగులు భార్య నరసమ్మ.

"సాలని అదింకా సెప్పలేదు వదినా," అన్నాడు ఎర్రినాయుడు.

మర్నాడు తాతారావు గారికి చూపించాలి. మేడమ్ వైరు తగిలించమంది గానీ తియ్యమనలేదు కదా. ఇంకేముంది, ముందు ఫోన్ పట్టుకుని గంగులు, వెనక లాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని పైడిరాజు, మధ్యలో వైరు పట్టుకుని ఎర్రినాయుడు. ఊరు ఊరంతా నవ్వింది.

తాతారావు గారు బటన్ నొక్కారు. "రండి, కూర్చోండి" అని వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. "బాగుందయ్యా. పెళ్ళి పని మీదే. మా సుట్టాల ఫోన్లలో కూడా ఎక్కించండి."

గంగులు పొంగిపోయాడు. కానీ వీధి మలుపు తిరగ్గానే ఠక్కున ఆగాడు.

"ఒరే, ఆయన్ని కూర్చోమన్నాం. కుర్చీ ఏదిరా?"

"నిలబడే నొక్కారన్నా, పాపం," అన్నాడు పైడిరాజు.

"కూర్చోమని కుర్చీ ఎయ్యని ఇల్లా మనది? మాట పోయాక షాపెందుకు?"

అంతే, ఎర్రినాయుడు షాపులోంచి కుర్చీతో పరిగెత్తాడు. తర్వాత చుట్టాల ఇళ్ళు. ఎవరు నొక్కితే వాళ్ళకో కుర్చీ. ఒక ముసలమ్మ ముచ్చటపడి అదే పనిగా నొక్కింది. ఆవిడ అరుగు నిండింది, వంటిల్లు నిండింది, చివరికి ఆవిడే వీధిలో పడింది.

పెళ్ళి రోజున షామియానా కింద ఒక్క కుర్చీ లేదు. చుట్టాలంతా నిలబడే ఉన్నారు. పీటల మీద కూర్చున్న తాతారావు గారికి ఒళ్ళు మండిపోయింది.

"కుర్చీలేవయ్యా? ఇంకే పెళ్ళికీ నిన్ను పిలవనివ్వను."

"మీ సుట్టాల ఇళ్ళలోనే ఉన్నాయి బాబూ. ఆళ్ళు నొక్కారు, మేం ఏసాం."

"పోయి తీసుకురా."

"కూర్చోమన్నాక కుర్చీ లాగేస్తే మర్యాదా బాబూ?"

గంగులుకి ఏడుపొచ్చినంత పనైంది. షాపు పోతుంది, మర్యాదా పోతుంది. ఇంతలో బుర్ర మెరిసింది. పైడిరాజు చేత యాప్‌లో మాట మార్పించి, తాతారావు గారి ఫోన్‌కి వైరు తగిలించి, బటన్ నొక్కమన్నాడు. "ఇక లేవండి" అని వచ్చింది.

అంతే, ముగ్గురూ కలిసి తాతారావు గారిని లేపారు. ఆయన భార్యని లేపారు. పెళ్ళికొడుకునీ, పెళ్ళికూతుర్నీ, మంత్రం సగంలో ఉన్న పంతుల్నీ లేపారు.

"సూసారా బాబూ, కూర్చున్నోళ్ళే లేరు. ఇంక కుర్చీలతో పనేటి?" అన్నాడు గంగులు.

అని చుట్టూ చూశాడు. షామియానా వాళ్ళకి ఒకటే లెక్క. జనమంతా లేచారంటే పెళ్ళి అయిపోయినట్టు.

"ఇప్పండ్రా," అన్నాడు. తమ్ముళ్ళు తాళ్ళు విప్పారు. షామియానా మొత్తం పెళ్ళి మీద కూలింది. బట్ట కింద నుంచి తాతారావు గారు "గంగులూ, గంగులూ" అని గొంతు చించుకుంటుంటే, మన పని ఎంత నచ్చిందో పెద్దాయనకి అని గంగులు కళ్ళు తుడుచుకున్నాడు.